అన్నంలో మందు: తీవ్ర మానసిక రుగ్మతల చికిత్సలో సత్యం, సంరక్షణ

1. ప్రవేశిక

తీవ్ర మానసిక రుగ్మతకు లోనైన వ్యక్తి తనకు జబ్బు లేదని, మందు అక్కరలేదని గట్టిగా నమ్ముతున్నప్పుడు, అతనికి తెలియకుండా అన్నంలోనో చాయలోనో మందు కలిపి ఇవ్వడం న్యాయమా? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న ఇది. మనోవైద్యుల వద్దకు వచ్చే కుటుంబాల్లో ఈ పద్ధతి అరుదు కాదు. వైద్యం దీనిని ప్రధానంగా మోతాదుకు, దుష్ఫలితాలకు సంబంధించిన విషయంగా చూస్తుంది. చట్టం సమ్మతికి సంబంధించిన విషయంగా చూస్తుంది. ఆ రెండూ అవసరమే. అయితే అన్నం పెట్టే చేతికీ తినేవాడికీ నడుమ ఉండే నమ్మకానికి ఇక్కడ ఏమవుతుందన్నది మూడో విషయం. ఈ ప్రశ్నను భాషా సాహిత్యాల వైపు నుంచి కూడా పరిశీలించే అవకాశం ఉందని, తెలుగులో ‘మందు’ అనే మాటకున్న చరిత్రే ఆ దారి చూపుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

చర్చకు ఆధారంగా ఒక ఊహాత్మక స్థితిని తీసుకుందాం. జోగులాంబ గద్వాల జిల్లా మల్దకల్ మండలంలో విత్తన పత్తి సాగు చేసే ఒక చిన్న రైతు కుటుంబం. ఇరవై నాలుగేళ్ల కొడుకు కొన్ని నెలలుగా సరిగా నిద్రపోవడం లేదు. ఎవరో తనను తిడుతున్న మాటలు వినిపిస్తున్నాయంటాడు. ఇంట్లోవాళ్లే తన తిండిలో ఏదో కలుపుతున్నారని కంచం తోసేస్తాడు. ఆసుపత్రికి రమ్మంటే చేయి చేసుకుంటాడు. చివరికి తండ్రి ఒక్కడే కర్నూలుకు వెళ్లి, లక్షణాలు చెప్పి, మందులు తెస్తాడు. తల్లి వాటిని నూరి పప్పులో కలుపుతుంది. కొన్ని వారాలకు కొడుకు నిద్రపోతాడు, మాటలు వినిపించడం తగ్గుతుంది, మళ్లీ చేనికి వెళ్తాడు. ఫలితాన్ని బట్టి చూస్తే తల్లి కొడుకును కాపాడింది. కానీ జబ్బులో అతడు చేసిన ఆరోపణ, అంటే తిండిలో ఏదో కలుపుతున్నారన్న మాట, ఆమె చేతుల్లోనే నిజమైంది. ఈ వైరుధ్యమే ఈ వ్యాసానికి కేంద్రం.

2. ‘మందు’ అనే మాట

తెలుగులో ‘మందు’ ఔషధాన్ని చెబుతుంది, తుపాకిలో కూరే పదార్థాన్నీ చెబుతుంది. వాడుకలో సారాయిని, మద్యాన్ని కూడా మందనే అంటారు. పత్తి చేలలో ‘మందు కొట్టడం’ అంటే పురుగుల మందు చల్లడం. వీటన్నిటికీ భిన్నమైన మరో అర్థం ‘మందు పెట్టడం’ అనే పలుకుబడిలో ఉంది: ఒకరిని వశం చేసుకోవడానికో, మతి చెడగొట్టడానికో తిండిలో రహస్యంగా కలిపే పదార్థం. దీనినే పాత తెలుగులో ‘ఇడుమందు’ అన్నారు. ‘మరుగుమందు’ అనే మాటా ఉంది. కన్నడంలో ‘మద్దు’కు కూడా ఈ ఛాయ ఉండటం రాయచూరు సరిహద్దున ఉన్న ఈ ప్రాంతానికి సంబంధించి గమనించదగినది. మనిషి హఠాత్తుగా మారిపోతే ‘ఎవరో మందు పెట్టారు’ అనుకోవడం, దానిని కక్కించే వారి వద్దకు తీసుకువెళ్లడం పల్లెల్లో నేటికీ వినిపించే మాటలే.

ఈ అర్థ విస్తృతిలో ఒక లక్షణం స్పష్టం. మేలు చేసే పదార్థానికీ కీడు చేసే పదార్థానికీ తెలుగు ఒకే మాట వాడింది. పదార్థాన్ని బట్టి కాక, దానిని ఎవరు, ఎందుకు, ఎలా ఇచ్చారన్న దానిని బట్టి భేదం ఏర్పడింది. ‘మందు ఇవ్వడం’, ‘మందు పెట్టడం’ అనే రెండు పలుకుబళ్ల నడుమ తేడా క్రియలో ఉంది. ఇచ్చినప్పుడు పుచ్చుకునేవాడు ఎదుట ఉన్నాడు. అతని చేయి చాచి ఉంది. పెట్టినప్పుడు పుచ్చుకునేవానికి ఆ సంగతే తెలియదు. మన ఊహాత్మక కుటుంబంలో తల్లి ఔషధాన్నే వాడింది. అయితే ఆమె చేసిన పని, భాష దృష్టిలో, మందు పెట్టడమే.

పాలమూరు ప్రాంతానికి ఈ విషయంలో మరో చేదు అనుభవం ఉంది. ఇక్కడ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం వంటి మత్తు మందులు కలిపి అమ్మడం ఎన్నో ఏళ్లుగా తెలిసిన సంగతే. 2015లో అధికారులు కట్టడి చేసినప్పుడు కల్తీ కల్లుకు అలవాటు పడినవారు అకస్మాత్తుగా వణుకు, మూర్ఛ, మతిభ్రమ వంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు, ఎర్రగడ్డకూ వెళ్లారు. ఆల్ప్రాజోలం మనోవైద్యులు రాసే మందే. లాభం కోసం తెలియకుండా తాగించినప్పుడు అది నేరమని సమాజం ఏ సందేహమూ లేకుండా అంటుంది. మరి ప్రేమతో తెలియకుండా తినిపించినప్పుడు? ఉద్దేశం వేరన్నది నిజం. ఉద్దేశం ఒక్కటే చాలునా అన్నది ప్రశ్న.

3. ఆసుపత్రికీ వంటింటికీ నడుమ దూరం

తల్లి చేసిన పనిని నిర్ణయించే ముందు ఆమె ఆ స్థితికి ఎలా వచ్చిందో చూడాలి. తెలంగాణ పల్లెల్లో మానసిక చికిత్సకు పర్యాయపదం చాలాకాలం ఒక ఊరి పేరు: ఎర్రగడ్డ. జాల్నాలో ఉన్న నిజాం కాలపు మానసిక వైద్యాలయం 1953లో అక్కడికి మారింది. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది వైద్య సలహాగా కంటే తిట్టుగానే ఎక్కువ వినబడింది. మల్దకల్ నుంచి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు దగ్గర. కానీ 2014 తరువాత అది వేరే రాష్ట్రం. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో మొదలయ్యాయి. దూరం తగ్గుతున్నది కానీ, దానితో పెరిగిన అలవాట్లు అంత త్వరగా తగ్గవు.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015-16) మన దేశంలో వివిధ మానసిక రుగ్మతలున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనా, రోగి ఇంటికి వచ్చి చూసే వ్యవస్థ పల్లెకు చేరలేదు. అందువల్ల రోగి ఆసుపత్రికి రావాలి. రానంటే కుటుంబమే తీసుకురావాలి. తీసుకురాలేకపోతే కుటుంబమే చికిత్స చేయాలి. బలవంతం చేయవలసి వచ్చినప్పుడు ఆసుపత్రికి నియమాలు, సాక్షులు, రికార్డులు ఉంటాయి. వంటింట్లో అవేవీ లేవు. రాజ్యం దూరంగా ఉండటం వల్ల బలప్రయోగం పొయ్యి దగ్గరికి చేరి, మోసం రూపం దాల్చింది. తల్లిని ప్రశ్నించే నైతికత ముందు ఈ దూరాన్ని ప్రశ్నించవలసి ఉంటుంది.

పాలమూరు వలసలు ఈ భారాన్ని మరింత పెంచాయి. పనుల కోసం ఇంటివారు ఊరు విడిస్తే మందు కలిపే బాధ్యత ముసలి అవ్వకో, చిన్న చెల్లెలికో వస్తుంది. విత్తన పత్తిలో పూలు దాటించే రోజుల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే చేనిలో ఉండాలి. రహస్యంగా ఇచ్చే మందు రోగి జ్ఞాపకం మీద ఆధారపడదు. ఇచ్చేవారు లేని రోజున ఆగిపోతుంది. తాను మందు మీద ఉన్నానని రోగికి తెలియదు కనుక, ఆగిందని కూడా అతనికి తెలియదు.

4. శుక్రుడు అనుమతించిన అసత్యం

మేలు కోసం అసత్యం చెప్పవచ్చునా అన్న ప్రశ్న మన సాహిత్యానికి కొత్త కాదు. పోతన భాగవతంలోని వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలికి బొంకు దోషం కాని సందర్భాల పట్టిక చెబుతాడు. స్త్రీల విషయం, వివాహం, ప్రాణ విత్త మానాలకు భంగం, భీతిల్లిన గోవుల, విప్రుల రక్షణ ఆ పట్టికలో ఉన్నాయి. ప్రాణభంగమన్న ఒక్క మాట చాలు, మన తల్లికి అనుమతి దొరికినట్టే కనిపిస్తుంది. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునునికి చెప్పే కౌశికుని కథ దీనికి తోడవుతుంది: దొంగలకు నిజం చెప్పి, దాగినవారి చావుకు కారణమైన ఆ సత్యవ్రతుడు నరకానికి పోయాడు. పడమట కాంట్ 1797లో రాసిన వ్యాసంలో ఇందుకు విరుద్ధంగా, హంతకునికి కూడా అబద్ధం చెప్పరాదని వాదించాడు. ఈ వివాదంలో చాలామంది పాఠకులు కౌశికుని కథ పక్షాన నిలుస్తారు.

అయితే మన సమస్యను ఈ ఉదాహరణలతో పోల్చినప్పుడు రెండు తేడాలు కనిపిస్తాయి. మొదటిది: కౌశికుని కథలో అసత్యం చెప్పవలసింది దొంగలకు, కాపాడవలసింది దాగినవారిని. అసత్యానికి గురయ్యేవాడూ రక్షణ పొందేవాడూ వేరు. వంటింటి అసత్యంలో ఆ ఇద్దరూ ఒకరే. ఎవరి ప్రాణం కాపాడుతున్నామో అతనినే మోసగిస్తున్నాం. రెండవది: శుక్రుని పట్టికలోని ప్రతి సందర్భమూ ఒక్క క్షణానికి సంబంధించినది, ఆపద గడిచిపోతే అసత్యం పని అయిపోతుంది. తీవ్ర మానసిక రుగ్మతలకు మందు నెలలు, తరచు ఏళ్ల తరబడి వాడవలసి ఉంటుంది. ప్రతి భోజనంలోనూ అసత్యం మళ్లీ పుడుతుంది. ఆపద్ధర్మం నిత్యధర్మంగా మారినప్పుడు దానికి ఆపద్ధర్మపు మినహాయింపు వర్తించదు. శుక్రుని అనుమతి తల్లి మొదటి వారానికి సరిపోవచ్చు. మూడో సంవత్సరానికి సరిపోదు.

5. ద్రౌపది సమాధానం

ఈ ప్రశ్నకు మరింత దగ్గరి సందర్భం ఆంధ్ర మహాభారతంలో ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలో ఉంది. భర్తలు ఐదుగురూ నీకు ఎలా వశమయ్యారు, మంత్రమా, మందా అని సత్యభామ ద్రౌపదిని అడుగుతుంది. ద్రౌపది ఆ ప్రశ్ననే తప్పు పడుతుంది. ఆమె వాదంలో రెండు అంశాలున్నాయి. భార్య తనకు మందు పెట్టిందని తెలిసిన భర్త, పాము ఉన్న ఇంట్లో ఉన్నట్టు ఆమెను చూసి భయపడతాడు. భయం ఉన్నచోట శాంతి ఉండదు. ఇక అటువంటి మందుల వల్ల పురుషులకు రోగాలు కలుగుతాయి.

సాధారణంగా ఈ ఘట్టాన్ని పాతివ్రత్య బోధగా చదువుతారు. దానిని పక్కన పెడితే, ఇక్కడ ఉన్నది రహస్య ఔషధం మీద ఒక కచ్చితమైన విమర్శ. ఉద్దేశం చెడ్డదని ద్రౌపది అనడం లేదు. భర్త ప్రేమను కోరడం చెడ్డ ఉద్దేశం కాదు. అటువంటి మందు వల్ల ఫలితం సిద్ధించదని మాత్రం అంటుంది. పైగా, అది తెలిసిన రోజున, ఏ సంబంధాన్ని నిలపడానికి పెట్టారో ఆ సంబంధమే కూలుతుందన్నది ఆమె మాట. ఆమె వాదంలోని రెండు అంశాలనూ నేటి వైద్యంతో పోల్చి చూడవచ్చు.

శరీరానికి కలిగే హాని సంగతి ముందు. మనోవ్యాధి మందులు శక్తిమంతమైనవి. కొన్నిటివల్ల కండరాలు బిగుసుకుపోవడం, వణుకు, కాలు నిలవకపోవడం, అతినిద్ర, బరువు పెరగడం జరుగుతాయి. క్లోజపైన్ వాడేవారికి తెల్ల రక్తకణాల లెక్క క్రమం తప్పక చూడాలి. లిథియం వాడేవారికి రక్తంలో దాని మట్టాన్ని పరీక్షించాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ మట్టం ప్రమాదకరంగా పెరుగుతుంది. తాను లిథియం మీద ఉన్నానని తెలియని మనిషి మే నెల ఎండలో చేనిలో పనిచేస్తే నీళ్లు ఎందుకు ఎక్కువ తాగాలో అతనికి తెలియదు. మనం ఊహించిన యువకుడు సాయంత్రం కల్లు దుకాణానికి వెళ్తే, తల్లి కలిపిన మందూ అమ్మకందారు కలిపిన మందూ అతని ఒంట్లో కలుస్తాయి. రెండిటి సంగతీ అతనికి తెలియదు. నాలుక మొద్దుబారి, చేతులు వణికితే తనకు కొత్త రోగం వచ్చిందనో, ఎవరో చేతబడి చేశారనో అనుకుంటాడు. తన ఒంట్లో జరుగుతున్నదానికి కారణం తెలుసుకునే హక్కును ఇక్కడ ఆరోగ్యం పేరుతో తీసివేశారు.

నమ్మకానికి కలిగే హాని ఇంకా లోతైనది. సందేహం అనేక రోగాల్లో ఒక లక్షణమైతే, స్కిజోఫ్రీనియాలో తరచు అది రోగానికి మూలస్తంభమే. వైద్యం ఆ సందేహానికి ఆధారం లేదని రోగికి క్రమంగా అర్థమయ్యేలా చేయాలి. రహస్య ఔషధం దానికి ఆధారం సమకూరుస్తుంది. మందు పనిచేసి, తల తేరుకున్నాక, ఒకనాడు అతడు పప్పు అడుగున తెల్లని పొడిని చూస్తాడు. జబ్బులో తాను చెప్పినదే నిజమని, అందరూ తనను పిచ్చివాడన్నారని అప్పుడు అనుకుంటాడు. ఆ తరువాత అతడు దేనిని భ్రమ అనుకోవాలి, దేనిని నిజమనుకోవాలి? ద్రౌపది చెప్పిన పాము ఇదే.

6. కుటుంబ చికిత్సకు ముందు షరతు

మన దేశంలో మానసిక చికిత్సలో కుటుంబాన్ని భాగస్వామిగా చేసిన చరిత్ర గర్వించదగినది. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి చికిత్సలో పాలుపంచుకునేలా చేశారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, బెంగళూరు నిమ్‌హాన్స్ ఈ పద్ధతిని ముందుకు తీసుకువెళ్లాయి. లండన్‌లో జార్జ్ బ్రౌన్, ఆయన సహచరుల పరిశోధనలు మరో సంగతిని నిరూపించాయి: ఇంటివారు రోగిని నిరంతరం తప్పుపడితే, శత్రుభావం చూపితే, లేదా అతిగా పట్టించుకుని ఊపిరాడకుండా చేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. 1980లలో చండీగఢ్‌లో జరిగిన అధ్యయనం భారతీయ కుటుంబాల్లో ఇటువంటి ధోరణి లండన్ కుటుంబాల కంటే తక్కువని చూపింది. కుటుంబ చికిత్స మందుకు ప్రత్యామ్నాయం కాదు. మందుతో కలిసి పనిచేసినప్పుడు అది జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గిస్తుంది.

కుటుంబ చికిత్సలో జరిగేది ఏమిటి? జబ్బు గురించి అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం. తిరగబెట్టే ముందు కనిపించే సూచనలు రోగితో కలిసి గుర్తించడం. మందు వల్ల కలిగే ఇబ్బందులు రోగి నోటనే వినడం. రహస్యంగా మందు ఇస్తున్న ఇంట్లో ఈ మూడూ నటనే అవుతాయి. రోగికి తప్ప అందరికీ తెలిసిన విషయం ఒకటి ఆ గదిలో ఉంటుంది. ఇక్కడే అన్నంలో మందుకు గల అసలు మూల్యం బయటపడుతుంది: ఆసుపత్రి ఇవ్వగల రెండు సాధనాల్లో ఒకదానిని వాడుకోవడానికి మరొకదానిని పోగొట్టుకుంటున్నాం.

స్త్రీల విషయంలో రహస్యానికి మరో ముఖం ఉంది. పెళ్లికి ముందు జబ్బు దాచిన కుటుంబాలు, అత్తవారింట్లో కోడలు మాత్ర మింగడం ఎవరూ చూడకుండా జాగ్రత్తపడమంటాయి. దాచలేక ఆమె మందు మానేస్తుంది. మరోవైపు ఆస్తి తగాదాలోనో, దాంపత్య కలహంలోనో భార్యను ‘మతి లేనిది’గా చూపడానికి మందు కలిపే అవకాశమూ ఉంది. వైద్యుడు రోగిని చూడకుండా, బంధువు మాట మీదే మందు రాసినప్పుడు, తల్లి ప్రేమకూ భర్త కుట్రకూ తేడా చెప్పగల సాధనం ఆ వైద్యుని వద్ద ఉండదు. ఈ ఒక్క కారణం చాలు, ప్రేమను రహస్య ఔషధానికి అర్హతగా అంగీకరించలేమని చెప్పడానికి.

7. ఒక ఆక్షేపణ, దానికి సమాధానం

ఇంతవరకు చెప్పినదానికి బలమైన ఆక్షేపణ ఉంది. నమ్మకం గురించి మాట్లాడగలిగేది తిండి తిని నిద్రపోయే ఇంట్లో. కొడుకు గొడ్డలి పట్టుకున్న రాత్రి, లేదా పురుగుల మందు డబ్బా దాచవలసిన రాత్రి, తల్లికి మిగిలిన ప్రత్యామ్నాయాలు ఏమిటి? తాళ్లతో కట్టివేయడం, గదిలో తాళం వేయడం, గొలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. గొలుసు కంటే పప్పులో మాత్ర మేలు కాదా?

మేలే. గొలుసుతో పోలిస్తే అది తక్కువ క్రూరమైనది. ఆ రాత్రి ఆ తల్లిని దోషిగా నిలబెట్టే అర్హత ఎవరికీ లేదు. అయితే క్షమించదగిన పనికీ చికిత్సా పద్ధతిగా స్వీకరించదగిన పనికీ భేదం ఉంది. ఆక్షేపణ మొదటిదానిని నిరూపిస్తుంది, రెండవదానిని కాదు. పైగా ఈ వాదం గొలుసూ మోసమూ తప్ప మూడో దారి లేదని అనుకుంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 (2018 మే 29 నుంచి అమలు) ఆ మూడో దారిని చూపే ప్రయత్నం చేసింది. 1912 నాటి చట్టం పిచ్చివారిని బంధించడం గురించి ప్రధానంగా ఆలోచించింది. 1987 చట్టం ఆసుపత్రిలో చేర్చడం గురించి ఆలోచించింది. 2017 చట్టం రోగి హక్కులతో మొదలవుతుంది. గొలుసులను ఏ రూపంలోనైనా నిషేధించింది. తనకో ఇతరులకో ప్రమాదం ఉన్నప్పుడు, లేదా తనను తాను చూసుకోలేని స్థితిలో, నామనిర్దేశిత ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడిగా పరీక్షించిన తరువాత, 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకునే వీలు కల్పించింది. ఇది కూడా రోగి ఇష్టానికి విరుద్ధమే. కానీ ఇది బహిరంగమైన బలం: రోగికి తెలుసు, రికార్డు ఉంది, గడువు ఉంది, ప్రశ్నించడానికి బోర్డు ఉంది. ‘నీకు ఇష్టం లేకపోయినా ఇది చేస్తున్నాం, ఇదీ కారణం’ అని ముఖం చూసి చెప్పే బలం రోగిని మనిషిగానే చూస్తుంది. కోపం వచ్చినా కోపం ఎవరి మీదో అతనికి తెలుసు. మోసం ఆ అవకాశం కూడా ఇవ్వదు.

అదే చట్టం ఇచ్చిన ముందస్తు ఆదేశం అనే సాధనం ఈ సమస్యకు అన్నిటికంటే దగ్గరిది. తేరుకున్న స్థితిలో ఉన్న వ్యక్తి, మళ్లీ జబ్బు పడితే తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసి ఉంచవచ్చు. మన పల్లె భాషలో దీనికి సరైన మాట ఉంది: మాట తీసుకోవడం. ‘నాకు మళ్లీ అట్లయితే నా మాట వినకండి, సూది వేయించండి’ అని కొడుకు తెలివిలో ఉండగా చెప్పిన మాట, తరువాతి బలవంతాన్ని అతని సొంత నిర్ణయంగా మారుస్తుంది. రెండు, నాలుగు వారాలకు ఒకసారి వేసే దీర్ఘకాలిక ఇంజెక్షన్లు దానిని ఆచరణలో సాధ్యం చేస్తాయి. అయితే ఆ మాట తీసుకోవాలంటే, మొదట అతనికి జబ్బు వచ్చిందని, మందు వల్ల తగ్గిందని చెప్పాలి. రహస్యంగా కోలుకున్నవానికి తాను కోలుకున్న సంగతే తెలియదు. తెలియనివాడు ముందుచూపుతో మాట ఇవ్వలేడు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన నిర్ణయం ఇది. అన్నంలో మందు కలపడం, ప్రాణాపాయం ఎదుట ఉండి మరో దారి అందుబాటులో లేనప్పుడు, క్షమించదగిన ఆపద్ధర్మం కావచ్చు. అప్పుడు కూడా అది రోగిని చూసిన వైద్యుని ఎరుకలో జరగాలి. ఎప్పుడు ఆపుతారో, ఎప్పుడు, ఎవరు రోగికి చెబుతారో మొదటి రోజే నిర్ణయం కావాలి. చెప్పే రోజు లేని రహస్యానికి చికిత్స అనే పేరు చెల్లదు. మన ఊహాత్మక తల్లి మొదటి వారం చేసిన పనిలో తప్పు పట్టలేం; కొడుకు తేరుకుని చేనికి వెళ్లిన రోజు నుంచి ఆమె ముందున్న కర్తవ్యం వేరు. ఆ కర్తవ్యాన్ని ఆమె ఒక్కదాని మీద మోపడం అన్యాయం. ఆ మాట కొడుకుకు చెప్పే సమయంలో పక్కన కూర్చోవలసిన బాధ్యత వైద్యునిది, కుటుంబ చికిత్సకునిది. వారిని మల్దకల్ వంటి మండలానికి చేర్చవలసిన బాధ్యత ప్రభుత్వానిది. టెలీమానస్ వంటి ఫోను సేవ (14416) సలహా ఇవ్వగలదు కానీ, ఆ గదిలో కూర్చోలేదు.

‘మందు ఇవ్వడం’, ‘మందు పెట్టడం’ అనే రెండు పలుకుబళ్ల నడుమ తెలుగు భాష నిలిపిన తేడా మాండలిక విశేషం మాత్రమే కాదు, ఒక నైతిక విచక్షణ. తీవ్ర మానసిక రుగ్మతల చికిత్స ఎంత కష్టమైనదైనా, చివరకు పెట్టిన మందును ఇచ్చిన మందుగా మార్చుకోవడమే దాని గమ్యం కావాలి. తాను తింటున్నది ఏమిటో తెలిసి కంచం దగ్గరికి వచ్చే మనిషే కోలుకున్న మనిషి.